పెద్ద అక్షరం – పేరు

ఇంటర్మీడియట్ తరగతిలో అడుగుపెట్టేనాటికి ప్రతి విద్యార్థికీ కంఠస్థమై ఉండే ఆంగ్ల వ్యాకరణ సూత్రాలలో నామవాచకాలను గూర్చినది ఒకటి. ‘నది’ జాతివాచకం, ‘గోదావరి’ సంజ్ఞావాచకం. మొదటిదానిని చిన్న అక్షరంతోను, రెండవదానిని పెద్ద అక్షరంతోను ప్రారంభించాలి. సూత్రం సరియైనదే. కాని తరగతి గదులలో అది తలక్రిందులుగా నిలిచిపోయింది. పేరు కనుక పెద్ద అక్షరం వచ్చిందన్న స్పృహ పోయి, పెద్ద అక్షరం ఉన్నది కనుక అది పేరని తేల్చే అలవాటు ప్రబలింది. పరీక్షలో దీనివల్ల మార్కులు పోవు. పోయేది ఆలోచన.

నిజానికి ఆ అక్షరానికి అంతటి ప్రామాణ్యం లేదు. 17, 18 శతాబ్దాల ఆంగ్ల గ్రంథాలలో సామాన్య వస్తువుల పేర్లు సైతం తరచుగా పెద్ద అక్షరంతో అచ్చయ్యేవి. జర్మన్ భాషలో ఈనాటికీ ప్రతి నామవాచకానికీ పెద్ద అక్షరమే. ఆంగ్లంలో ‘నేను’ అనే సర్వనామాన్ని ఎక్కడ వ్రాసినా పెద్ద అక్షరంతోనే వ్రాస్తారు. అంతమాత్రాన అది సంజ్ఞావాచకం కాలేదు.

తెలుగు లిపిలో అసలు పెద్ద, చిన్న అక్షరాల భేదమే లేదు. అయినా తెలుగువాడు ఎన్నడూ తికమకపడలేదు. ‘సత్యం గెలిచింది’ అంటే నిజం నెగ్గిందని, ‘సత్యం గెలిచాడు’ అంటే ఆ పేరుగల మనిషి నెగ్గాడని పసివానికి కూడా తెలుసు. ఆంగ్లంలో మొదటి అక్షరం చేసే పనిని ఇక్కడ క్రియ చివరనున్న ప్రత్యయం నెరవేర్చింది. ‘జ్యోతి వచ్చింది’ అన్నప్పుడు మాత్రం వచ్చినది వెలుగో, ఆ పేరుగల అమ్మాయో సందర్భమే చెప్పాలి. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నాటివాడని చెప్పే పతంజలి, మహాభాష్యంలో శబ్దాలను జాతి, గుణ, క్రియా, యదృచ్ఛా శబ్దాలని నాలుగు విధాలుగా విభజించాడు. యదృచ్ఛా శబ్దమంటే ఇష్టానుసారం పెట్టుకొన్న పేరు. దీనికి వ్యాకరణవేత్తలు చూపే ఉదాహరణ ‘డిత్థుడు’. ఆ విభజనకు ఆధారం లిపి కాదు. పదం ఏ కారణంచేత ఒక అర్థాన్ని చెబుతున్నదన్నదే.

కారణం మారితే పదం తన వర్గాన్ని కూడా మార్చుకొంటుంది. 1880లో ఐర్లాండులోని మేయో ప్రాంతంలో ఎర్న్ ప్రభువు భూములకు ఏజెంటుగా ఉన్న కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్ కథ ఇందుకు మంచి నిదర్శనం. కౌలు తగ్గించాలని రైతులు కోరారు. ఆయన కౌలుదారులను వెళ్లగొట్టడానికి పూనుకొన్నాడు. వారు కఱ్ఱ ఎత్తలేదు. కూలీలు పని మానివేశారు, అంగడివారు సరుకులు అమ్మలేదు. చివరకు 50 మంది స్వచ్ఛంద సేవకులు బయటినుండి వచ్చి, సైనికుల కాపలా నడుమ ఆయన పంట కోయవలసి వచ్చింది. ఆ ఏడాది ముగియకముందే ఆయన ఇంటిపేరు పత్రికలలో క్రియాపదమైపోయింది. 1905లో బంగాళ విభజనను వ్యతిరేకించినవారికి ఆ మాటే ఆయుధమైంది. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరంలో ఉపన్యసించిన నాటికి ఆంధ్ర విద్యార్థులకు అది సుపరిచితం. తనను శిక్షించిన చర్యకే తన పేరు స్థిరపడటం, అదీ చిన్న అక్షరంతో స్థిరపడటం, ఆ కెప్టెన్ కోరుకొన్న కీర్తి కాదు.

భౌతికశాస్త్రం చదివే విద్యార్థి వాట్, న్యూటన్ అనే ప్రమాణాలను చిన్న అక్షరంతోనే వ్రాస్తాడు. అదే శాస్త్రవేత్తల పేర్లకు పెద్ద అక్షరం వాడుతాడు. వృక్షశాస్త్రంలో మామిడి ‘మాంజిఫెరా ఇండికా’. రెండవ పదం ఈ దేశపు పేరునుండి పుట్టినదే అయినా, జాతి విశేషణానికి చిన్న అక్షరమే నియమం. బజారులో ‘జిరాక్స్’, వంటింట్లో ‘డాల్డా’ సంగతి చెప్పనే అక్కరలేదు. నిద్రపోతున్నవానిని కుంభకర్ణుడని పిలిచే ఇల్లాలు ఏ వ్యాకరణమూ చదవకుండానే ఒక సంజ్ఞను జాతిగా మార్చివేస్తున్నది.

అట్లాగని పెద్ద అక్షరం ఉత్త అలంకారమని త్రోసిపుచ్చడం కూడా తగదు. అమెరికాలో నల్లజాతివారిని వ్యవహరించిన ‘నీగ్రో’ పదాన్ని అక్కడి పత్రికలు చాలాకాలం చిన్న అక్షరంతో అచ్చువేసేవి. ఐరిష్, ఇటాలియన్ అనే మాటలకు మాత్రం పెద్ద అక్షరం ఉండేది. అంటే వీరు జనసమూహాలు, వారు ఒక రకపు ప్రాణులు. 1899లో వెలువడిన తన గ్రంథంలో డబ్ల్యు.ఇ.బి. డు బోయిస్ ఆ పదాన్ని పెద్ద అక్షరంతోనే వ్రాస్తానని అధస్సూచికలో ప్రకటించారు. ‘న్యూయార్క్ టైమ్స్’ అందుకు అంగీకరించింది 1930లో. అక్షరం ఒక్కటి, నిరీక్షణ 31 ఏళ్లు. తరువాత ఆ పదమే గౌరవం కోల్పోయి వాడుకనుండి తొలగింది. దాని స్థానంలోకి వచ్చిన ‘బ్లాక్’ పదానికి, జనసమూహాన్ని సూచించేటప్పుడు పెద్ద అక్షరం వాడాలని అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 2020 జూన్‌లో నిర్ణయించింది. వ్యాకరణ పాఠంలో అర పుట కూడా ఆక్రమించని భేదానికి అంతటి ఆత్మగౌరవం ముడిపడి ఉన్నది.

తెలుగులో ఈ వివాదానికి చోటు లేదని సంతోషించనక్కరలేదు. ‘కలెక్టరుగారు వచ్చారు’, ‘పనిమనిషి వచ్చింది’. రెండూ జాతివాచకాలే, రెండింటిలోనూ పేరు లేదు. అయినా ఒకరికి ‘గారు’, బహువచన క్రియ లభించాయి; మరొకరికి పశువుకూ రాయికీ వాడే క్రియే మిగిలింది. పదేళ్లుగా అంట్లు తోముతున్న ఆమె పేరేమిటని అడిగితే, ఆ ఇంట్లో ఇంటర్మీడియట్ చదివే పిల్లవాడు వంటగదివైపు చూచి తల్లిని అడగవలసివస్తుంది.