ఒకే మ్యాచ్, వేర్వేరు బొమ్మలు: రాయ్‌పూర్‌లో ఉచిత ప్రసారాల నాణ్యత ఎక్కడ తగ్గుతోంది?

రాయ్‌పూర్: ఛత్తీస్‌గఢ్ రాజధాని 2023 జనవరి 21న తొలిసారి పురుషుల అంతర్జాతీయ వన్డే మ్యాచ్‌కు ఆతిథ్యమిచ్చింది. నవా రాయ్‌పూర్‌లోని షహీద్ వీర్ నారాయణ్ సింగ్ స్టేడియంలో జరిగిన ఆ పోరులో న్యూజిలాండ్ 108 పరుగులకే కుప్పకూలగా, భారత్ 8 వికెట్ల తేడాతో గెలిచింది. మైదానంలో కెమెరాలు పట్టిన దృశ్యం అందరికీ ఒక్కటే. ఇళ్లలోని తెరలకు చేరిన బొమ్మ మాత్రం ఒక్కటి కాదు. నెలనెలా చందా చెల్లించి హెచ్‌డీ ఛానెల్ తీసుకున్న ఇంట్లో బంతి కుట్టు కూడా కనిపిస్తుంది. పాత ఉచిత డీటీహెచ్ పెట్టె ఉన్న ఇంట్లో బంతి బౌండరీ వైపు దూసుకెళ్లినప్పుడల్లా పచ్చిక గళ్లు గళ్లుగా విడిపోతుంది.

ఈ తేడాకు ఉపగ్రహం, భూతల టవర్ మధ్య వ్యత్యాసమే కారణమని చాలామంది భావిస్తారు. ఆకాశం నుంచి వచ్చేది మెరుగైన బొమ్మ, టవర్ నుంచి వచ్చేది నాసిరకం బొమ్మ అన్న అభిప్రాయం యాంటెన్నాల కాలం నుంచి స్థిరపడిపోయింది. అనలాగ్ రోజుల్లో అది నిజమే. టవర్‌కు దూరమయ్యే కొద్దీ తెరపై చుక్కలు కురిసేవి. భవనాలకు తగిలి ఆలస్యంగా వచ్చిన తరంగాలు ప్రతి మనిషి పక్కన ఒక నీడ మనిషిని నిలబెట్టేవి. డిజిటల్ విధానం వచ్చాక ఆ లెక్క మారిపోయింది. ఇప్పుడు బొమ్మ నాణ్యతను తేల్చేది ప్రసార మార్గం కాదు. ఒక్కో ఛానెల్‌కు ఎన్ని బిట్లు కేటాయించారు, వాటిని ఏ పద్ధతిలో కుదించారు, ఇంట్లో ఏ పెట్టె ఉంది అన్నవే తేలుస్తాయి. ఈ మూడూ సాంకేతికత కన్నా విధానానికి, ఆదాయానికి సంబంధించిన నిర్ణయాలు. వాటి ఫలితం ఎలా ఉంటుందో చూడటానికి రాయ్‌పూర్ కన్నా తగిన నగరం దేశంలో అరుదు. ఉపగ్రహ ప్రసారం, టవర్ ప్రసారం రెండింటిలోనూ ఇది తొలివరుస ప్రయోగశాల.

మొదటి ప్రయోగం 1975 ఆగస్టు 1న మొదలై ఏడాది పాటు సాగింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఇస్రో, ఆకాశవాణి కలిసి చేపట్టిన 'సైట్' కార్యక్రమం ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకు టెలివిజన్‌ను చేర్చింది. నాటి మధ్యప్రదేశ్ నుంచి ఎంపికైన ప్రాంతాల్లో రాయ్‌పూర్ జిల్లా ఒకటి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, మెదక్, కర్నూలు తదితర జిల్లాల పల్లెలు ఉన్నాయి. ఒకే దృశ్యానికి రెండు శబ్ద మార్గాలుండటంతో తెలుగు, కన్నడ గ్రామాలు ఒకే బొమ్మను తమతమ భాషల్లో వినగలిగాయి. కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వల వంటి జాలీతో చేసిన మూడు మీటర్ల గొడుగులే అప్పటి డిష్‌లు. బొమ్మ నలుపు తెలుపే.

నాటి ప్రసారం 860 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై సాగింది. ఆ తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. వాన చినుకులు దాన్ని దాదాపు అడ్డుకోలేవు. నేటి డీటీహెచ్ వాడుతున్న కేయూ బ్యాండ్ తరంగాల పొడవు రెండున్నర సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. గొడుగు 60 సెంటీమీటర్లకు తగ్గి ఇంటి పిట్టగోడ మీద ఇమిడిపోవడానికి కారణం ఇదే. జోరువానలో తెర నల్లబడటానికి కారణమూ ఇదే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా రుతుపవనాలు ముమ్మరంగా ఉండే ఛత్తీస్‌గఢ్ మైదానంలో ఈ ఇబ్బంది తెలియని డీటీహెచ్ వినియోగదారుడు ఉండడు. డిజిటల్ సంకేతం బలహీనపడితే బొమ్మ మెల్లగా మసకబారదు. కాసేపు నిలకడగా ఉండి, ఒక హద్దు దాటగానే ముక్కలై, మరుక్షణంలో మాయమవుతుంది.

సైట్ ముగిశాక ఉపగ్రహం వెళ్లిపోయింది. గ్రామాలకు అలవాటైన టీవీని ఒక్కసారిగా నిలిపివేయడం సాధ్యం కాలేదు. దాంతో ఆ గ్రామాల్లో కొంత భాగానికైనా ప్రసారాలు అందేలా జైపూర్, హైదరాబాద్, రాయ్‌పూర్, గుల్బర్గా, సంబల్‌పూర్, ముజఫర్‌పూర్‌లలో భూతల ట్రాన్స్‌మిటర్లు నెలకొల్పారు. ఆ విధంగా రాయ్‌పూర్, హైదరాబాద్ ఒకే పథకం కింద టవర్లు పొందిన నగరాలయ్యాయి. నాలుగు దశాబ్దాల తర్వాత ఈ రెండింటి దారులు వేరయ్యాయి. దూరదర్శన్ 2016 ఫిబ్రవరిలో డీవీబీ-టీ2 పద్ధతిలో డిజిటల్ భూతల ప్రసారాలు ప్రారంభించినట్లు ప్రకటించిన 16 నగరాల జాబితాలో రాయ్‌పూర్ ఉంది. హైదరాబాద్ లేదు. తెలుగు రాష్ట్రాల నుంచి మరే నగరమూ లేదు.

ఆ కొత్త టవర్ ప్రసారం ఇచ్చిన అవకాశం చిన్నది కాదు. ఒక్కో నగరంలో అయిదు ఛానెళ్లు. డీడీ నేషనల్, డీడీ న్యూస్, డీడీ భారతి, డీడీ స్పోర్ట్స్, వాటితో పాటు ప్రాంతీయ ఛానెల్ లేదా డీడీ కిసాన్. గొడుగు అక్కర్లేదు, చందా లేదు. టీవీలో తగిన ట్యూనర్ లేదా ఫోనుకు తగిలించుకునే చిన్న డాంగిల్ ఉంటే చాలు. ఎనిమిది మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఒక డీవీబీ-టీ2 మార్గం, ఎంచుకున్న అమరికను బట్టి, సెకనుకు 30 మెగాబిట్ల దాకా మోయగలదు. దాన్ని అయిదుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి ఆరేసి మెగాబిట్లు దక్కుతాయి. సాధారణ స్పష్టత గల బొమ్మకు అది ధారాళమైన వాటా. కావాలనుకుంటే ఒకటి రెండు ఛానెళ్లను హెచ్‌డీలోకి మార్చినా చోటు మిగులుతుంది. భవనాల నీడ బొమ్మల బెడద ఈ పద్ధతిలో లేదు. వాన ప్రభావం నామమాత్రం. రాయ్‌పూర్ చుట్టూ ఉన్న చదునైన నేల టవర్ తరంగాలకు అనుకూలమే.

ఉచిత ఉపగ్రహ ప్రసారం వైపు లెక్క ఇందుకు భిన్నంగా ఉంది. డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో 2004 డిసెంబరులో మొదలై, తర్వాత డీడీ ఫ్రీ డిష్‌గా మారిన ఈ సేవ ఇప్పుడు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్న జీశాట్-15 నుంచి అందుతోంది. రాయ్‌పూర్‌లో గొడుగును దక్షిణం నుంచి 30 డిగ్రీలు తూర్పుకు తిప్పి, సుమారు 62 డిగ్రీల ఎత్తున ఆకాశంలోకి చూపిస్తే అది దొరుకుతుంది. ఈ తరహా ట్రాన్స్‌పాండర్ ఒకటి పాత డీవీబీ-ఎస్ పద్ధతిలో సెకనుకు 40 మెగాబిట్ల మేర మోస్తుంది. అంటే టవర్ కన్నా ఎక్కువే. కానీ అందులో పదిహేను, పదహారు ఛానెళ్లను సర్దితే ఒక్కోదానికి మిగిలేది రెండున్నర మెగాబిట్లు. అదీ ఎంపెగ్-2 అనే పాత కుదింపు పద్ధతిలో. వార్తలు చదివే ముఖానికి అది సరిపోవచ్చు. పచ్చిక, జనసందోహం, వేగంగా తిరిగే కెమెరా ఉండే క్రికెట్‌కు ఏమాత్రం చాలదు. కుదింపు యంత్రం కదలికను తట్టుకోలేనప్పుడు వివరాలను వదిలేసి గళ్లను మిగులుస్తుంది. ప్రేక్షకుడు సిగ్నల్ బాగాలేదనుకుని గొడుగును సరిచేస్తాడు. సిగ్నల్‌లో లోపమేమీ ఉండదు, బొమ్మ ఉపగ్రహానికి చేరకముందే నలిగిపోయి ఉంటుంది.

ఎంపెగ్-4 పద్ధతి దాదాపు సగం బిట్లతోనే అదే నాణ్యతను ఇవ్వగలదు. ఫ్రీ డిష్‌లో ఆ పద్ధతిలో నడిచే ఛానెళ్లు కూడా ఉన్నాయి. అయినా పాత పద్ధతి కొనసాగడానికి కారణం వేలంపాటలో ఉంది. ప్రైవేటు ఛానెళ్లు ఫ్రీ డిష్‌లో చోటు కోసం ఏటా కోట్ల రూపాయలు చెల్లిస్తాయి. ఎంపెగ్-2 స్లాట్లకే గిరాకీ ఎక్కువ. దేశంలో లక్షలాది ఇళ్లలో ఉన్న చవక పెట్టెలకు తెలిసింది ఆ పద్ధతి ఒక్కటే. ఛానెల్ యజమానికి కావలసింది ఎక్కువ ఇళ్లు, మెరుగైన బొమ్మ కాదు. ప్రసార్ భారతికి అది ఆదాయ మార్గం. ఆ విధంగా అన్నిటికన్నా పాత పెట్టే మొత్తం వ్యవస్థ నాణ్యతకు పరిమితి గీస్తోంది. ఇందులో తప్పు ఫలానా వారిదని వేలెత్తి చూపడం కష్టం. పాత పెట్టెలు ఒక్క రోజులో పనికిరాకుండా పోతే నష్టపోయేది పేద ఇళ్లే.

తెర పరిమాణం ఈ లోపాన్ని మరింత పెంచి చూపిస్తోంది. సాధారణ స్పష్టత గల బొమ్మలో 720 నిలువు వరుసలు, 576 అడ్డ వరుసలు ఉంటాయి. మొత్తం సుమారు 4.15 లక్షల పిక్సెళ్లు. హెచ్‌డీలో ఆ సంఖ్య 20.7 లక్షలు, అంటే అయిదు రెట్లు. పాత గాజు గొట్టపు టీవీ తన సహజమైన మెత్తదనంతో లోపాలను కప్పిపుచ్చేది. 43 అంగుళాల ఎల్‌ఈడీ తెర ప్రతి గడినీ సాగదీసి ప్రదర్శిస్తుంది. పైగా చాలా ఇళ్లలో పెట్టెను టీవీకి కలిపేది పసుపు, ఎరుపు, తెలుపు కొనలున్న పాత తీగే. పెట్టెకు హెచ్‌డీఎంఐ ద్వారం ఉంటే ఆ తీగ మార్చడం వల్ల కొంత స్పష్టత తిరిగి వస్తుంది. పెద్ద ఖర్చు లేకుండా ప్రేక్షకుడు తన చేతుల్లో ఉంచుకోగల మెరుగుదల బహుశా అదొక్కటే.

బిట్ల పరంగా మెరుగైన స్థితిలో ఉన్న టవర్ మరి ఎందుకు ఓడిపోయింది? చూసేవారు లేకపోవడం వల్ల. డీవీబీ-టీ2 ట్యూనర్‌ను టీవీల్లో తప్పనిసరి చేసే నిబంధన భారత్‌లో రాలేదు. దుకాణాల్లో డాంగిల్ దొరకడమే అరుదు. భూతల ప్రసారాల్లోకి ప్రైవేటు సంస్థలను అనుమతించాలని, అనలాగ్‌ను 2023 చివరికల్లా దశలవారీగా ముగించాలని 2017 జనవరిలో ట్రాయ్ సిఫార్సు చేసింది. రెండో సగం మాత్రమే జరిగింది, అదీ మరో దారిలో. వ్యూహాత్మక ప్రాంతాల్లోని 50 మినహా అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 మార్చి 31 నాటికి మూసివేయాలని ప్రసార్ భారతి నిర్ణయించింది. వాటి స్థానంలో టవర్ల డిజిటల్ జాలం విస్తరించలేదు. ఆ ప్రేక్షకులకు ఫ్రీ డిష్‌నే ప్రత్యామ్నాయంగా చూపారు.

జర్మనీ అనుభవం ఇందుకు పూర్తిగా విరుద్ధం. అక్కడ 2017 మార్చిలో భూతల ప్రసారాలను డీవీబీ-టీ2కు, మరింత అధునాతనమైన హెచ్‌ఈవీసీ కుదింపునకు మార్చి ప్రభుత్వ రంగ ఛానెళ్లను 1080 వరుసల స్పష్టతతో ఉచితంగా ఇచ్చారు. అవే ఛానెళ్లు ఉపగ్రహంపై 720 వరుసల్లో వస్తున్నాయి. అంటే ఉపగ్రహం కన్నా టవర్ వైపే ఎక్కువ వరుసలు. పాత టీవీలున్న వారు కొత్త పెట్టె కొనుక్కోవలసి వచ్చింది, ఆ భారం గురించి వారికి ముందే చెప్పారు.

మళ్లీ క్రికెట్ విషయానికి వస్తే, 2007 నాటి క్రీడా ప్రసార సంకేతాల చట్టం జాతీయ ప్రాధాన్యం గల మ్యాచ్‌ల ప్రత్యక్ష సంకేతాన్ని ప్రకటనలు లేకుండా ప్రసార్ భారతితో పంచుకోవాలని హక్కుదారులను ఆదేశిస్తుంది. భారత పురుషుల జట్టు ఆడే అధికారిక వన్డేలు, టీ20లు ఆ కోవలోకి వస్తాయి. ఈ సంకేతాన్ని దూరదర్శన్ తన భూతల, సొంత డీటీహెచ్ వేదికల్లో మాత్రమే చూపాలని, కేబుల్, ప్రైవేటు డీటీహెచ్ సంస్థలకు ఇవ్వరాదని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఫలితంగా ప్రజల హక్కుగా అందే మ్యాచ్‌కు మిగిలినవి రెండే ద్వారాలు. ఒకటి ప్రేక్షకులు లేని టవర్, రెండోది ఇరుకైన ఉచిత గొడుగు. సంకేతాన్ని పంచుకోవాలన్నంత వరకే చట్టం చూసింది. అది తెరను చేరేసరికి ఎంత నాణ్యత మిగలాలన్నది దాని పరిధిలోకి రాలేదు.

ఇది కొద్దిమంది అభిరుచికి సంబంధించిన ఫిర్యాదుగా కనిపించవచ్చు. సంఖ్యలు అలా చెప్పడం లేదు. ఫ్రీ డిష్ 4 కోట్లకు పైగా ఇళ్లకు చేరుతోందని అంచనా. ట్రాయ్ లెక్కల్లో 2021లో దాదాపు 7 కోట్లున్న ప్రైవేటు డీటీహెచ్ చందాదారులు 2025 నాటికి 6 కోట్ల లోపునకు పడిపోయారు. డబ్బున్న ఇళ్లు ఇంటర్నెట్ వైపు, లేని ఇళ్లు ఉచిత గొడుగు వైపు కదులుతున్నాయి. ఛత్తీస్‌గఢ్‌లో ఈ విభజనకు భౌగోళిక కోణం కూడా ఉంది. రాయ్‌పూర్ టవర్ తరంగాలు 300 కిలోమీటర్ల దూరంలోని జగదల్‌పూర్ అడవులను చేరలేవు. బస్తర్ పల్లెకు ఉపగ్రహమే శరణ్యం. 2019 మార్చిలో ఉపగ్రహానికెక్కిన డీడీ ఛత్తీస్‌గఢ్ అక్కడ కనిపిస్తోందంటే, రాయ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి ఛానెళ్లను రుసుము లేకుండా చూడగలుగుతున్నాయంటే, ఆ ఘనత ఫ్రీ డిష్‌దే. అయిదు ఛానెళ్ల టవర్ ఆ పని చేయలేదు.

కేంద్ర మంత్రివర్గం 2023 జనవరిలో ఆమోదించిన రూ.2,539.61 కోట్ల బైండ్ పథకంలో మారుమూల, గిరిజన, సరిహద్దు, వామపక్ష తీవ్రవాద ప్రభావిత ప్రాంతాలకు 8 లక్షలకు పైగా ఫ్రీ డిష్ పెట్టెలను ఉచితంగా పంపిణీ చేయాలన్న అంశం ఉంది. బస్తర్‌కు వర్తించే నిబంధనలే ఇవి. మరోవైపు గొడుగు తీగను నేరుగా టీవీకి తగిలించుకునేలా ఉపగ్రహ ట్యూనర్ కలిగిన టీవీలకు భారత ప్రమాణాల సంస్థ 2022లో ప్రమాణాన్ని రూపొందించింది. టవర్ల నుంచి నేరుగా ఫోన్లకు బొమ్మ పంపే డీ2ఎం సాంకేతికతను 19 నగరాల్లో పరీక్షిస్తామని, 470 నుంచి 582 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్‌ను అందుకే కేటాయించాలని సమాచార, ప్రసార శాఖ 2024 జనవరిలో పేర్కొంది. ఆ పౌనఃపున్యాలు టీవీ టవర్లు వాడుతూ వచ్చినవే. కొత్తగా పంచే ప్రతి పెట్టె ఎంపెగ్-4 చదవగలిగేదైతే పాత పద్ధతి స్లాట్ల విలువ ఏటేటా తగ్గుతుంది, ట్రాన్స్‌పాండర్లలో చోటు పెరుగుతుంది. ఆ చోటును ఉన్న ఛానెళ్ల బొమ్మ మెరుగుపరచడానికి వాడతారా, మరిన్ని స్లాట్లుగా కోసి వేలం వేస్తారా అన్నది ప్రసార్ భారతి చేతిలో ఉంది.