వర్చువల్ మెషీనునందలి చిన్న తెరను గూర్చి

మా కంప్యూటరు గదిలో లైనక్స్ నేర్పుటకు వేరు యంత్రములు లేవు. విండోస్ గల యంత్రములలోనే వర్చువల్‌బాక్స్ అను సాధనముచే యంత్రములోపల మఱియొక యంత్రమును కల్పించి, అందు లైనక్స్ నుంచి నేర్పుచున్నాము. ప్రతి సంవత్సరమును మొదట ఎదురగు చిక్కు ఒక్కటియే. మానిటరు విశాలముగా నుండినను లైనక్స్ మాత్రము నడుమ 800×600 చుక్కల పలకవలె నిలిచిపోవును. మా మానిటరులకు 1366×768, అనగా 10,49,088 చుక్కలు గలవు. అందు 4,80,000 మాత్రమే వాడుకొని, సగమునకు పైగా నల్లగా వదలివేయుచున్నాము.

ఇది స్వల్పవిషయమని కొందఱందురు. స్కేల్డ్ మోడ్ పెట్టి బొమ్మను సాగదీసిన చాలునని వారి మతము. మేము దీనికి సమ్మతింపజాలము. సాగదీసినంతమాత్రమున లైనక్స్ గీయు చుక్కల సంఖ్య పెరుగదు, ఉన్నవే లావగును. ఆంగ్లాక్షరములు దీని నెట్లో సహించును గాని, మన లిపికి ఒత్తులు కలవు గదా! "రాష్ట్రము" అని టైపు చేసిన బాలుడు ఆ క్రిందనున్న రెండు ఒత్తులను పోల్చుకొనలేక తెరకు ముక్కు ఆనించి చూచుట మేమెఱుగుదుము. కండ్లద్దములు గల పిల్లల మాట చెప్పనేల?

మఱికొందఱు ఎక్స్‌రాండర్ ఆజ్ఞలను చీటీమీద వ్రాసియిచ్చి టైపు చేయింతురు. ఆ పూటకు పని జరుగును. మఱునాడు యంత్రము తెఱచునప్పటికి తెర యథాప్రకారము చిన్నదియే. పైగా నేటి లైనక్స్‌లు పెక్కింటిలో ఎక్స్‌కు మాఱుగా వేలాండ్ ఉన్నది; అచట ఆ చీటీ పనికిరాదు. ఇంకొక తమాషా: కొలతలు కట్టు సీవీటీ ఆజ్ఞను 1366 అడిగిన 1368 ఇచ్చును. వెడల్పు ఎనిమిదిచే భాగింపబడవలెనని దాని లెక్క. ఇది తెలియని పిల్లవాడు తప్పు తనదేయని బెదరి, చెఱిపి చెఱిపి మరల కొట్టును. చిన్న తెరకంటె ఈ బెదరు మాకెక్కువ కష్టముగా తోచుచున్నది.

కారణము చెప్పినచో బెదరు పోవును. నిజమైన మానిటరు ఈడీఐడీ అను చిన్న పట్టికద్వారా తన కొలతలను కంప్యూటరునకు తెలుపును. ఆ పట్టిక మూలభాగము 128 బైట్లు మాత్రమే. వర్చువల్ మెషీనునకు నిజమైన మానిటరు లేదు. విండోస్‌లోని ఒక కిటికీయే దానికి తెర. ఆ కిటికీ కొలతను లోపలి లైనక్స్‌కు చేరవేయు మధ్యవర్తి కావలెను. గెస్ట్ అడిషన్స్ చేయు పని అదియే.

ముందుగా జీసీసీ, మేక్, పెర్ల్, నడుచుచున్న కెర్నెలునకు సరిపోవు హెడ్డరులు లోపల నుండవలెను. హెడ్డరులు వేఱు సంఖ్యవైనచో మాడ్యూలు కట్టబడదు. పెక్కుమంది జాఱిపడునది ఇచటనే. పిదప డివైసెస్ మెనూనుండి గెస్ట్ అడిషన్స్ సీడీని చొప్పించి, అందలి లైనక్స్ ఫైలును రూట్ అధికారముతో నడిపి, యంత్రమును మరల ప్రారంభించి, వ్యూ మెనూలో ఆటో రీసైజ్ గుర్తు పెట్టవలెను. గ్రాఫిక్స్ కంట్రోలరు వీఎంఎస్‌వీజీఏగా నుండవలెను. వీడియో మెమరీని 128 మెగాబైట్లకు పెంచినంతమాత్రమున తెర పెరుగదు. చుక్కకు నాలుగు బైట్ల చొప్పున మా మానిటరునకు కావలసినది సుమారు 4 మెగాబైట్లే.

ఇదంతయు ఉపాధ్యాయుడే చేసి, సిద్ధపఱచిన ప్రతిని అన్ని యంత్రములలో నుంచరాదా యని సహోపాధ్యాయులు అడుగుదురు. మేమును రెండేండ్లు అట్లే చేసితిమి. పీరియడ్లు మిగిలినమాట నిజమే. కాని కెర్నెలు నవీకరింపబడి తెర మరల చిన్నదైన దినమున గదిలో ఒక్కరికిని దిక్కు తోచలేదు. మొదలుపెట్టుటకు ముందు స్నాప్‌షాట్ తీసియుంచినచో, పిల్లలు ఎంత చెడగొట్టినను క్షణములో పూర్వస్థితికి రావచ్చును. చెడగొట్టుటకు ఇంతకంటె క్షేమమైన చోటు పాఠశాలలో మఱియొకటి లేదు.

కావున రాబోవు జూన్ మాసమున తొమ్మిదవ తరగతికి ఇందుకై రెండు పీరియడ్లు విడిచియుంచవలసినదని ప్రధానోపాధ్యాయులవారిని కోరియున్నాము. ఆ రెండు దినములును తెర చిన్నదిగానే పిల్లలకు అప్పగింతుము.