ఇంద్రవెల్లి స్మృతివనాన్ని అమరుల కుటుంబాల చేతులతో, ఆదివాసీ కళలతో రూపుదిద్దాలని కోరుతూ వినతిపత్రం

తెలంగాణ రాష్ట్ర గిరిజన సంక్షేమ శాఖ మంత్రి గారికి

ప్రతులు: ఆదిలాబాద్ జిల్లా కలెక్టర్ గారికి, ఉట్నూరు ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి గారికి, రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ సంచాలకులకు

గౌరవనీయులైన మంత్రి గారూ,

1981 ఏప్రిల్ 20, సోమవారం. ఇంద్రవెల్లిలో సంత. గిరిజన రైతు కూలీ సంఘం పెట్టిన సభకు గూడేల నుంచి జనం నడిచి వచ్చారు. పోడు భూములకు పట్టాలు కావాలన్నారు. గిరిజనేతరుల చేతుల్లోకి పోయిన భూములు తిరిగి ఇప్పించమన్నారు. షావుకార్లు తమ పంటకు సరైన ధర కట్టాలన్నారు. సభకు ఇచ్చిన అనుమతి రద్దయిందన్న కబురు చాలా గూడేలకు అందనే లేదు. పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం ప్రకటించింది. అంతకు ఎన్నో రెట్లు ఎక్కువని పౌరహక్కుల సంఘాలు చెప్పాయి. ఈ రెండు లెక్కల మధ్య మిగిలిపోయిన మనుషులు ఎవరో ఈనాటికీ అధికారికంగా తేలలేదు.

వాళ్ల గుర్తుగా నిలబెట్టిన స్తూపాన్ని 1980లలోనే ఒకసారి కూల్చేశారు. ఆదివాసులు పట్టు విడవకపోవడంతో మళ్లీ కట్టారు. ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్లు ఏప్రిల్ 20 వచ్చిందంటే నిషేధాజ్ఞలు, దారుల్లో పోలీసు పహరా. కన్న కొడుకు పేరు మీద నాలుగు పూలు పెట్టుకోవడానికి కూడా తల్లి భయపడాల్సి వచ్చింది. కాల్పుల గాయం ఒకటైతే, ఏడవనివ్వకపోవడం దానిమీద మరో గాయం. అందుకే 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి గారు ఇంద్రవెల్లి వచ్చి స్మృతివనానికి శంకుస్థాపన చేసిన రోజును మేము చిన్నదిగా చూడటం లేదు. కాల్పులు జరిపిన రాజ్యమే ఆ చావులకు తలవంచడం ఈ దేశంలో తరచుగా జరిగే పని కాదు. ఆ మంచి పని సగంలో ఆగిపోకూడదనే ఆదిలాబాద్ ఏజెన్సీలో పనిచేస్తున్న కళాకారులం, ఉపాధ్యాయులం, పాటగాళ్లం కలిసి ఈ వినతిపత్రం ఇస్తున్నాం.

స్మృతివనమంటే ప్రహరీ గోడ, నడకదారి, పచ్చిక, లైట్లు అని టెండరు కాగితంలో రాసుకుంటే పని తొందరగా అవుతుంది. బిల్లులూ తొందరగా పాసవుతాయి. ఆ దారిలో ఏం పోగొట్టుకుంటామో జలియన్‌వాలా బాగ్ చూస్తే తెలుస్తుంది. 2021లో అక్కడ మరమ్మతులు చేసినప్పుడు, 1919లో డయ్యర్ సైనికులు లోపలికి వచ్చిన ఆ ఇరుకు సందు గోడలకు శిల్పాలు అతికించారు. మైదానంలో ధ్వని, కాంతుల ప్రదర్శన పెట్టారు. చరిత్రకారులు, మృతుల వారసులు బాధపడ్డారు. పెట్టిన ఖర్చు తక్కువని కాదు. తప్పించుకునే దారిలేక జనం నలిగిపోయిన చోటు అన్న స్పృహే అక్కడ కనుమరుగైందని. ఇంద్రవెల్లికి ఆ గతి పట్టకూడదు. ఇప్పటికే కట్టినదాన్ని కూల్చమని మేము అడగడం లేదు. ఇకమీదట అక్కడ చేసే ప్రతి పనిలోనూ అమరుల కుటుంబాలకు, ఆదివాసీ సంప్రదాయ పంచాయతీలైన రాయ్ సెంటర్ల పెద్దలు సార్మేడీలకు, స్థానిక కళాకారులకు నిర్ణయించే అధికారం ఉండాలని అడుగుతున్నాం. సలహా సంఘంలో కుర్చీ వేసి కూర్చోబెడితే సరిపోదు. వాళ్లు వద్దన్నది ఆగాలి.

అన్నిటికంటే ముందు పేర్లు. లెక్క తేల్చకుండా నాటిన రాయి ఏదైనా సగం అబద్ధమే. ఊరూరా తిరిగి పేర్లు సేకరించే పనిని రెవెన్యూ సిబ్బందికి మాత్రమే వదలొద్దని మా విన్నపం. ఫారం పట్టుకుని వచ్చిన ఉద్యోగిని చూడగానే నోరు కట్టుకునే ముసలివాళ్లు ఈ గూడేల్లో ఇంకా ఉన్నారు. గోండుల వంశగాథలను తరతరాలుగా కిక్రీ వాద్యం మీద పాడుతున్నది ప్రధాన్‌లు, తోటీలు. ఏ ఇంటి పూర్వికులు ఎవరో, ఏ సగ (గోత్ర సమూహం) వాళ్లకు ఏ కథో వాళ్ల నోటనే నిలిచి ఉంది. ఆ పాటగాళ్లు ఇంటికొచ్చి కూర్చుంటే మాట దానంతటదే బయటికొస్తుంది. వాళ్లకు తగిన రోజుకూలీ ఇచ్చి, గోండి, కొలామీ తెలిసిన యువతను తోడు పంపి, 1981 మృతుల, క్షతగాత్రుల గాథను సేకరింపజేయాలి. అప్పుడు ఇరవై ఏళ్ల వయసున్నవాళ్లు ఇప్పుడు అరవై దాటారు. ఈ పని వాయిదా వేసే వ్యవధి లేదు. రికార్డింగుల ప్రతి ఒక్కొక్కటి ఆ కుటుంబాల దగ్గరే ఉండాలి. వాళ్ల అనుమతి లేకుండా ఎక్కడా వినిపించకూడదు. చెప్పలేనన్న మనిషిని చెప్పమని ఒత్తిడి చేయకూడదు. బలవంతంగా చెప్పిస్తే మానిన పుండు మళ్లీ రేగుతుంది.

పేర్ల విషయంలో తగాదా వస్తుందని మాకు తెలుసు. పెరూ రాజధాని లిమాలో శిల్పి లికా ముటాల్ 2005లో రాళ్ల మీద మృతుల పేర్లు రాసి ఒక స్మారకం నిర్మించారు. మధ్యలో నీరు కార్చే ఒక శిల, చుట్టూ వలయాలుగా వేల గులకరాళ్లు. జైల్లో చంపబడిన తిరుగుబాటుదారుల పేర్లు కూడా వాటిలో ఉన్నాయని తెలిశాక దేశమంతా రచ్చయింది. 2007లో దాని మీద రంగు కుమ్మరించి ధ్వంసం చేశారు. అయినా కుటుంబాలు వచ్చి, వెలిసిపోయిన పేర్లను తమ చేతులతో మళ్లీ రాసుకున్నాయి. ఇంద్రవెల్లిలో కూడా ఎవరు అమరుడు, ఎవరు కాదు అన్న ప్రశ్న వస్తే దాన్ని తేల్చాల్సింది పోలీసు రికార్డు కాదు. ఆ పేరును మోస్తున్న ఊరు.

ఆ పేర్లు రాసే లిపి, పోతపోసే చేతులు కూడా ఈ నేలవే కావాలి. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల వల్ల గోండి లిపి వెలుగులోకి వచ్చింది. 2018లో దానికి యూనికోడ్‌లో స్థానం దక్కింది. అమరుల పేర్లు తెలుగుతో పాటు ఆ లిపిలోనూ ఉండాలి. ఉషేగావ్ ఓజాలు మైనంతో అచ్చు చేసి ఇత్తడి పోసే డోక్రా పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. గ్రానైటు మీద యంత్రం చెక్కిన అక్షరాలు వద్దు. ఆ పలకలను ఓజాలతోనే పోయించాలి. పోత పోసే రోజున కుటుంబాలు అక్కడ ఉండాలి, మైనం మీద తమవాళ్ల గుర్తులు తామే దిద్దాలి. ఇది అలంకారం కోసం అడుగుతున్నది కాదు. కొలంబియాలో ఫార్క్ గెరిల్లాలతో 2016లో శాంతి ఒప్పందం కుదిరాక, వాళ్లు అప్పగించిన 37 టన్నుల ఆయుధాలను కరిగించి శిల్పి డోరిస్ సల్సేడో బొగోటాలో ఒక నేల పరిపించారు. పోతకు కావాల్సిన అచ్చులను సుత్తెలతో కొట్టి తయారుచేసింది యుద్ధంలో లైంగిక హింసకు గురైన స్త్రీలు. ఆ నేల మీద ఇప్పుడు ఎవరైనా నడవవచ్చు. తుపాకీని కాలి కిందికి తెచ్చింది వాళ్ల సుత్తి దెబ్బే. బాధితులు పనిచేసే మనుషులుగా నిలబడినప్పుడు స్మారకానికి ప్రాణం వస్తుందని మేము నమ్ముతున్నాం. బాధితులను ప్రేక్షకులుగా వరుసలో కూర్చోబెట్టి రిబ్బను కత్తిరిస్తే రాదు.

ఇక్కడే ఇంకో మాట. ప్రముఖులు వచ్చినప్పుడు నెమలి పింఛాల టోపీలతో గుస్సాడీ నర్తకులను ఎదురు పంపడం అధికారులకు అలవాటైంది. ఆ గుస్సాడీలు ఆడే దండారీ దీపావళి రోజుల్లో ఏత్మాసూర్ దేవుడి పేరున, నియమనిష్ఠలతో ఊరి నుంచి ఊరికి సాగే యాత్ర. ఒక ఊరి బృందం ఇంకో ఊరికి అతిథిగా వెళ్తుంది, రెండు ఊళ్ల మధ్య చుట్టరికం గట్టిపడుతుంది. మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది కూడా ఆ నిష్ఠకే. ఏప్రిల్ 20న స్తూపం దగ్గర స్వాగత నృత్యాలు పెట్టవద్దు. ఆ రోజు ఏ పాట పాడాలో, అసలు పాడాలో వద్దో కుటుంబాలు నిర్ణయిస్తాయి. ఆ రోజు ఇంకెప్పుడూ నిషేధాజ్ఞలు ఉండవని ప్రభుత్వం లిఖితపూర్వకంగా చెప్పాలి.

మానని గాయం ఇంకొకటి కూడా ఉంది. 2017 చివర్లో ఉట్నూరు ప్రాంతంలో ఆదివాసులకూ లంబాడాలకూ మధ్య చెలరేగిన గొడవలు ఇంకా మనసుల్లోంచి పోలేదు. 1976 చట్టంతో లంబాడాలు తెలంగాణలో ఎస్టీ జాబితాలో చేరినప్పటి నుంచి ఉన్న ఆ వివాదం కోర్టుల్లో, పార్లమెంటులో తేలాల్సిందే. నాటకం వేసి దాన్ని మాయం చేయవచ్చని మేము అనడం లేదు. కానీ ఆశ్రమ పాఠశాలల్లో ఒకే బెంచీ మీద కూర్చునే పిల్లలకు ఒకరి పాట ఒకరికి తెలియదు. రువాండాలో 1994 మారణహోమం జరిగిన పదేళ్లకు, ఒడీల్ గాకిరే కతేసే అనే రంగస్థల కళాకారిణి హుటూ, టుట్సీ స్త్రీలను కలిపి ఇంగోమా న్‌షియా అనే డప్పుల బృందం కట్టారు. అంతకుముందు అక్కడ ఆడవాళ్లు డప్పు ముట్టడమే తప్పు. కాబట్టి ఆ వాద్యం ముందు రెండు పక్షాలవాళ్లూ కొత్తవాళ్లే, రెండు పక్షాలవాళ్లూ మొదటి దెబ్బ నుంచి నేర్చుకోవాల్సినవాళ్లే. ఉట్నూరు ఐటీడీఏ పాఠశాలల్లో గోండు, కొలాం, ప్రధాన్, తోటి, లంబాడా పిల్లలు కలిసి చేసే నాటక, సంగీత శిబిరాలను ఏడాది పొడవునా నడపాలి. వాటికి జీతమున్న కళోపాధ్యాయులను వేయాలి. వార్షికోత్సవం ముందు వారం రోజులు హడావుడి చేస్తే ఫలితం ఉండదు.

ఆదివాసుల మాట వినడానికి మన దగ్గర ఒక పాత దారి కూడా ఉంది. 1940లో జోడేఘాట్‌లో గోండు తిరుగుబాటు నాయకుడు కొమురం భీం మరణం తర్వాత నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను ఈ ప్రాంతానికి పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి గోండి భాషలో చదువు మొదలుపెట్టించారు. ఇంద్రవెల్లి మండలంలోనే ఉన్న కేస్లాపూర్‌లో నాగోబా జాతర వేళ అధికారులు ఆదివాసుల గోడు వినే దర్బారు ఆ కాలంలోనే మొదలైంది. ఆ దర్బారులో ఏటా ఒక పూట ఇంద్రవెల్లి గాథకు కేటాయించండి. కాల్పుల రోజు విధుల్లో ఉండి నేటికీ బతికి ఉన్న పోలీసుల్లో ఎవరైనా వచ్చి మాట్లాడదలిస్తే, కుటుంబాలు సమ్మతిస్తే, ఆ మాటకు కూడా అక్కడ చోటుండాలి.

పట్టా అడిగినవాళ్లకు పాట ఇచ్చి పంపమని మేము చెప్పడం లేదని స్పష్టం చేస్తున్నాం. 2006 అటవీ హక్కుల చట్టం కింద పెండింగులో ఉన్న పోడు దరఖాస్తులు, అమరుల కుటుంబాలకు ఇచ్చిన హామీలు ఈ పనితో పాటే నడవాలి. వాటిని ఆపి స్మృతివనం ప్రారంభిస్తే మేము ఆ వేదిక మీదికి రాము.

పై విషయాలపై చర్చించడానికి ఉట్నూరు ఐటీడీఏ కార్యాలయంలో అమరుల కుటుంబాలతో, సార్మేడీలతో, మా ప్రతినిధులతో సమావేశం ఏర్పాటు చేయాలని, వచ్చే ఏప్రిల్ 20 లోపు పేర్ల సేకరణకు ఉత్తర్వులు ఇచ్చి నిధులు విడుదల చేయాలని కోరుతున్నాం. ఆ సమావేశంలో గోండి, కొలామీ మాట్లాడే దుబాసీలు ఉండేలా చూడగలరు.

ఇట్లు,
ఆదిలాబాద్ ఏజెన్సీ కళాకారులు, ఉపాధ్యాయులు, పాటగాళ్లు