మంచు కింద ఊపిరి

సీలు అనగానే మా వంటి గుమాస్తాలకు ముందుగా గుర్తుకు వచ్చేది లక్క, దానిమీద కొట్టే ఆఫీసు ముద్ర. ఈ నెల మేము చెప్పబోయే సీలు అది కాదు. మంచు సముద్రాలలో బ్రతికే జంతువు. చేపను పోలిన ఒళ్ళు, కుక్కను పోలిన ముఖం, పిల్లికి వున్నట్టు మీసాలు. తిండి అంతా నీళ్ళలోనే అయినా అది చేప కాదు. మనలాగే గాలి పీల్చి, పిల్లలను కని, పాలిచ్చి పెంచే ప్రాణి.

ఈ రోజుల్లో సీలు ఫోటో చూడని ఇల్లు లేదు. పిల్లల సెల్‌ఫోన్లలో కావలసినన్ని వున్నాయి. తెల్లని మంచుమీద బూడిదరంగు మూట ఒకటి పడివుంటుంది. చూసినవారు, ఇంత సోమరి జంతువు మరొకటి వుండదనుకుంటారు. ఫోటో అబద్ధం చెప్పదు గాని, సగమే చెబుతుంది. ఆ మిగిలిన సగం ఎక్కడున్నదో, దాన్ని మనుషులు ఎలా చూడగలిగారో చెప్పడమే ఈ వ్యాసం పని.

సీళ్ళలో చాలా జాతులున్నాయి. మేము వెడెల్ సీలు ఒక్కదానినే తీసుకుంటున్నాము. దీని కాపురం దక్షిణధ్రువ ఖండమైన అంటార్కిటికా చుట్టూ. మనిషిని మినహాయిస్తే, పాలిచ్చే జంతువులలో ఇంత దక్షిణాన పిల్లలను కని పెంచేది మరొకటి లేదు. పది అడుగుల పొడవు, నాలుగైదు వందల కిలోల బరువు వుంటుంది. దీనికి పేరిచ్చిన జేమ్స్ వెడెల్ 1820ల నాటి ఓడ కప్తాను. ఆయన ఆ సముద్రాలకు వెళ్ళింది సీళ్ళ చర్మాల కోసమే. వేటగాని పేరే వేట జంతువుకు నిలిచిపోయింది.

ఈ సీళ్ళను శ్రద్ధగా ఫోటో తీసిన తొలివారిలో హెర్బర్ట్ పాంటింగ్ ఒకరు. కప్తాన్ స్కాట్ దక్షిణధ్రువ యాత్రకు 1910లో బయలుదేరినప్పుడు ఫోటోగ్రాఫరుగా వెంట వెళ్ళారు. ఆనాటి కెమెరా అంటే బరువైన పెట్టె, ముక్కాలి స్టాండు, గాజు పలకలు. చలిలో లోహాన్ని తాకితే చర్మం అతుక్కుపోతుంది. కెమెరాను వెచ్చని గదిలోకి తెస్తే, వేడి కాఫీ దగ్గర కళ్ళజోడుకు పట్టినట్టు, అద్దాలకు ఆవిరి పడుతుంది. 1911 జనవరిలో ఆయన మంచు అంచున నిలబడి ఓర్కా తిమింగలాల ఫోటో తీయబోగా, అవి కిందనుంచి గుద్ది ఆ మంచును ముక్కలు చేశాయి. ఆయన ముక్కమీదనుంచి ముక్కమీదికి గెంతుతూ, కెమెరాతో సహా బయటపడ్డారు. ఆయన తీసిన తల్లిసీలు, పిల్లసీలు దృశ్యాలు 1924లో వచ్చిన ‘ది గ్రేట్ వైట్ సైలెన్స్’ చిత్రంలో వున్నాయి. కాని ఆయనకు దొరికింది పైసగమే. పైగా ఆ యాత్రికులకు సీలు మాంసం కూడా ఆహారం, సీలు కొవ్వు కూడా పొయ్యిలో ఇంధనం.

పాంటింగ్‌ను హడలగొట్టిన ఆ ఓర్కాల వల్లనే సీలు బ్రతుకు కొంత అర్థమవుతుంది. ఓర్కాలకు సీలు ఇష్టమైన ఆహారం. తీరానికి అతుక్కుని గట్టిపడిన సముద్రపు మంచు కిందికి అవి రాలేవు. అంత దూరం పోతే ఊపిరి తీసుకోవడానికి వాటికి దారి వుండదు. వెడెల్ సీలు ఆ మంచునే కోటగోడ చేసుకున్నది. మరి దానికి మాత్రం ఊపిరి ఎలాగ?

దానికి వున్న పనిముట్లు పళ్ళే. పై ముందు పళ్ళు, కోరపళ్ళు ముందుకు పొడుచుకుని వుంటాయి. మంచులో పగులు వున్నచోట తల అటూ ఇటూ తిప్పుతూ, రంపంలాగా పళ్ళతో కోసి, కన్నం చేసుకుంటుంది. ఆ కన్నం గంటగంటకూ పూడుకుపోతూనే వుంటుంది. చలికాలమంతా, సూర్యుడు కనబడని నెలల్లో కూడా, మళ్ళీ మళ్ళీ కోస్తూనే వుండాలి. ఏళ్ళు గడిచేకొద్దీ పళ్ళు అరిగిపోతాయి, చిగుళ్ళు చీము పడతాయి. పళ్ళు పోతే కన్నం లేదు, కన్నం లేకపోతే ఊపిరి లేదు. పీల్చే ప్రతి గాలికీ అది పళ్ళతో వెల చెల్లిస్తున్నది.

నీటికింద అది చేసే పని యేమిటో తెలుసుకోవడానికి 1960లలో జెరాల్డ్ కూయ్‌మన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక ఉపాయం పన్నారు. చుట్టుపక్కల వేరే కన్నం ఏదీ లేనిచోట మంచుకు ఒక కన్నం కోసి, సీలును అక్కడ వదిలారు. ఎంత దూరం ఈదినా ఊపిరికి అది అక్కడికే తిరిగి రావాలి. కనుక దానికి కట్టిన యంత్రం కూడా తిరిగి వస్తుంది. ఆ మొదటి యంత్రం చేసింది వంటింట్లో నిమిషాలు కొలిచే గడియారంతోనే! సీలు ఎంత లోతుకు పోయిందో, ఎంతసేపు వున్నదో అది గీత గీసి చూపింది. వెడెల్ సీలు 600 మీటర్ల లోతుకు పోగలదనీ, గంటకు పైగా ఊపిరి బిగబట్టగలదనీ ఇటువంటి పరిశోధనలవల్లనే తెలిసింది. అది గాలిని ఊపిరితిత్తుల్లో మోసుకుపోదు. ప్రాణవాయువును నెత్తురులోను, కండల్లోను దాచుకుంటుంది. మునిగినప్పుడు గుండె వేగం తగ్గించుకుంటుంది. అటువంటి శ్రమ పడి పైకి వచ్చి ఒళ్ళు వాల్చినప్పుడే మన కెమెరాకు దొరుకుతుంది. దాన్ని సోమరి అనడం, రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకున్నవాణ్ణి సోమరి అన్నట్టే.

తరువాత ఫోటో తీసే పనిని సీలుకే అప్పగించారు. రాండల్ డేవిస్, ఆయన తోడివారు సీలుకు చిన్న వీడియో కెమెరా తగిలించి తీసిన దృశ్యాల ఫలితాలు 1999లో ప్రకటించారు. అప్పుడు మిగిలిన సగం కనబడింది. సీలు పెద్దచేపకు జానెడు దూరంలోకి పోయినా చేపకు తెలియలేదు. చిన్నచేపలు మంచు పగుళ్ళలో దాగితే, సీలు కిందనుంచి ఆ పగుళ్ళలోకి గాలిబుడగలు వదిలింది. చేపలు బెదిరి బయటికి వచ్చాయి. అంత విలువైన ఊపిరిని కూడా తెలిసి ఖర్చు పెట్టడం దానికి తెలుసు.

అక్కడ అక్టోబరు ప్రాంతాన పిల్లలు పుడతాయి. పుట్టినప్పుడు పాతిక ముప్ఫై కిలోలు. ఒంటిమీద బొచ్చే గాని, చలికి కావలసిన కొవ్వు పొర వుండదు. తల్లిపాలలో సగం వెన్నే అనుకోవచ్చు. నెలన్నరలో బిడ్డ వంద కిలోల దాకా పెరుగుతుంది, తల్లి తన బరువులో సుమారు మూడోవంతు కరిగిపోతుంది. బిడ్డకు రెండు వారాలు నిండేసరికి తల్లి దాన్ని నీళ్ళలోకి దింపి ఈత నేర్పుతుంది. మక్‌మర్డో ప్రాంతంలో 1960ల చివరినుంచి పిల్లల వెనుక రెక్కలకు నంబరు బిళ్ళలు వేసి, యే తల్లికి యే బిడ్డ అన్న లెక్క యేటేటా రాస్తున్నారు. రిజిస్టర్లు రాసే మాకు ఆ ఓపిక ఎంతటిదో తెలుసు.

1972లో అంటార్కిటికా సీళ్ళ రక్షణకు దేశాలు ఒడంబడిక చేసుకున్నాయి. అది 1978లో అమలుకు వచ్చింది. వేటగాని భయం తగ్గింది గాని, ఇంటి భయం పట్టుకున్నది. 2023లో అంటార్కిటికా చుట్టూ సముద్రపు మంచు, ఉపగ్రహాలు కొలవడం మొదలుపెట్టిన తరువాత ఎన్నడూ లేనంతగా తగ్గింది. పిల్లను కనడానికీ, ఓర్కాలనుంచి దాగడానికీ మంచే ఆధారమైన జంతువుకు ఇది చిన్న సంగతి కాదు.

మన దేశానికి కూడా అక్కడ పరిశోధన కేంద్రాలున్నాయి: 1989 నాటి మైత్రి, 2012 నాటి భారతి. భారతి వున్న లార్స్‌మన్ కొండల తీరాన వెడెల్ సీళ్ళు కనబడతాయి. మన ఇళ్ళ పిల్లలలో ఎవరైనా ఒకనాడు అక్కడికి ఉద్యోగానికి వెళ్ళకపోరు. వారికి మేము చెప్పే మాట ఒకటే. కెమెరా పట్టుకుని నిలబడినప్పుడు పాలిచ్చే తల్లి తలయెత్తి మనవైపు చూసిందంటే, మనం రావలసినదానికన్నా దగ్గరికి వచ్చామన్నమాట. అప్పుడు చేయవలసింది ఫోటో తీయడం కాదు, నెమ్మదిగా నాలుగడుగులు వెనక్కు వేయడం.