శాంటానా చేతిలో గిటార్ ఉంది, పాట మాత్రం వేరేవాళ్లది

ఇంజినీరింగ్ సెకండియర్‌లో ఉండగా హాస్టల్ రూమ్‌మేట్ ఓ వీడియో చూపించాడు. 1969 ఆగస్టు, అమెరికాలో ఉడ్‌స్టాక్ సంగీతోత్సవం. 22 ఏళ్ల కార్లోస్ శాంటానా కళ్లు మూసుకుని గిటార్ వాయిస్తున్నాడు. అప్పటికి తొలి ఆల్బమ్ కూడా బయటికి రాలేదు. మర్నాడు నాకు ఇంటర్నల్ ఎగ్జామ్. ఆ సంగతే మర్చిపోయా.

తర్వాత ఆయన కథ చదివితే ఇంకా నచ్చాడు. 'అబ్రాక్సస్' (1970) అమెరికా చార్టుల్లో నంబర్ వన్. అదే దారిలో ఇంకో నాలుగు ఆల్బమ్‌లు తీసుంటే డబ్బుకి కొదవుండేది కాదు. కానీ 1972లో 'కారవాన్‌సెరాయ్' అంటూ జాజ్ వైపు తిరిగాడు. ఎక్కువ భాగం వాయిద్యమే, హిట్ సింగిల్ ఒక్కటీ లేదు. చేతిలోని ఆఫర్ లెటర్ పక్కనపెట్టి నచ్చిన ప్రాజెక్టు చేసుకోవడం లాంటిదన్నమాట.

ఇక 1999కి రండి. 'మిలాగ్రో' (1992) తర్వాత ఏడేళ్లు శాంటానా బ్యాండ్ నుంచి కొత్త స్టూడియో ఆల్బమ్ లేదు. అప్పుడొచ్చింది 'సూపర్‌నేచురల్'. పేరున్న కుర్ర గాయకులు పాడతారు, మధ్యలో ఈయన గిటార్. రాబ్ థామస్ పాడిన 'స్మూత్' 12 వారాలు బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానంలో ఉంది. మరుసటి ఏడాది ఒకే రాత్రి ఎనిమిది గ్రామీలు. దీనిమీద నాకేం కోపం లేదండీ. 'స్మూత్' మంచి పాట, గిటార్ కూడా బాగానే మాట్లాడుతుంది.

నా బాధ ఆ తర్వాతి వాటితోనే. 'షమన్' (2002), 'ఆల్ దట్ ఐ యామ్' (2005)... మళ్లీ అదే ఫార్ములా. 2010లో 'గిటార్ హెవెన్' అని వేరేవాళ్ల పాత రాక్ హిట్లు, వాటికీ గెస్ట్ సింగర్లే. సొంత ఆల్బమ్‌లో ఈయనే అతిథి అయిపోయాడు.

తిట్టే హక్కు నాకుందా అంటే, అనుమానమే. నా బ్లాగ్‌లో మొదట్లో డేటాబేస్‌ల గురించి రాసేవాణ్ని, చదివేవాళ్లు పదిమంది. ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ మొదలయ్యాక ఓ ఫోన్ కంపెనీ డబ్బిచ్చి రివ్యూ అడిగింది. మొదటిది కష్టపడి రాశా. ఎనిమిదోది వచ్చేసరికి ఫోన్ సరిగ్గా ఆన్ చేసి కూడా చూడలేదు.

అందుకే, మాస్ రిక్రూట్‌మెంట్‌లో చేరుతున్నావా అని నవ్వే సీనియర్లని పట్టించుకోకండి. ఇంట్లో అవసరాలుంటాయి, చేరండి. మూడో ఏడాది కూడా మీ రెజ్యూమెలో మొదటి ఏడాది లైన్లే ఉంటే మాత్రం కంగారు పడండి.

2016లో శాంటానా పాత మిత్రుల్ని పోగేసి 'శాంటానా ఫోర్' చేశాడు. అందులో గిటార్ మళ్లీ ముందుకొచ్చింది. అది వింటూనే పోయిన నెల డేటాబేస్ ఇండెక్సింగ్ మీద ఓ పోస్టు రాశా. ఇప్పటిదాకా చదివింది 43 మంది.