నిద్ర లేవని కంప్యూటరు

పిల్లలూ! హైదరాబాదు పాతబస్తీలో, పురానీ హవేలీకి దగ్గిరలో, ఛత్తాబజారు ఉన్నది. పెళ్ళి శుభలేఖలు అచ్చు వేయించుకోవటానికి జనం ఎక్కడెక్కడినించో అక్కడికి వస్తారు. పూర్వం అక్కడ కాతిబులు కూచుని, రెల్లు కలాలతో అందమైన ఉర్దూ అక్షరాలు చేత్తో రాసేవారు. 1994లో ఇన్‌పేజ్ అనే ఉర్దూ సాఫ్ట్‌వేరు వచ్చింది. క్రమంగా కలం ఉన్న చోటికి కంప్యూటరు వచ్చి చేరింది.

ఇటువంటి అంగళ్ళలో కంప్యూటర్లను త్వరగా మార్చరు. వెనకటి సాఫ్ట్‌వేరు కొత్త యంత్రంలో నడవకపోవచ్చు. అందుచేత యజమాని పాతదాన్నే కనిపెట్టుకుని ఉంటాడు. అటువంటి కంప్యూటరు ఒకనాడు పొద్దున్న మీట నొక్కితే లేవలేదనుకోండి. ఏళ్ళ తరబడి తయారు చేసిన శుభలేఖల నమూనాలన్నీ అందులోనే ఉన్నాయి. సాయంత్రానికి 500 కార్డులు ఇవ్వాలి. "దీని పని అయిపోయింది, పారేసి కొత్తది కొనుక్కో!" అని పక్కవాళ్ళు సలహా చెబుతారు.

తొందరపడకూడదు. లేవని కంప్యూటరు మూగది కాదు. తనకు ఎక్కడ బాధగా ఉన్నదో చాలాసార్లు తనే చెబుతుంది. ఆ మాట వినటం మనకు తెలియాలి.

ముందు అది మామూలుగా ఎట్లా లేస్తుందో చూద్దాం. కంప్యూటరు ఏ పని చెయ్యాలన్నా దానికి ఆజ్ఞలు కావాలి. ఆ ఆజ్ఞలు డిస్కులో ఉంటాయి. కాని డిస్కును చదవటం కూడా ఒక పనే కదా! ఆ పనికి ఆజ్ఞ ఎక్కడినించి వస్తుంది? బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టున్నది కదూ? ఇంగ్లీషువాళ్ళు దీన్ని, మనిషి తన బూట్ల పట్టీలు తానే పట్టుకుని తనను తాను పైకెత్తుకోవటంతో పోల్చారు. కంప్యూటరు "బూట్" అయింది అనే మాట అందులోనించి పుట్టిందే.

ఈ చిక్కు తీరే ఉపాయం ఒకటున్నది. మదర్‌బోర్డు అనే పెద్ద పలక మీద ఒక చిన్న చిప్పు ఉంటుంది. అందులో కొద్దిపాటి ఆజ్ఞలు, కరెంటు పోయినా చెరగకుండా ఉంటాయి. పాత కంప్యూటర్లలో దాన్ని బయాస్ అంటారు. మీట నొక్కగానే అది, బడిలో మేష్టరు హాజరు వేసినట్టు, ఒక్కొక్క భాగాన్నీ పిలుస్తుంది. మెమొరీ? ఉన్నాను. కీబోర్డు? ఉన్నాను. డిస్కు? ఉన్నాను. అందరూ పలికితే, డిస్కులో ఉన్న విండోస్ వంటి పెద్ద ప్రోగ్రాముకు పని అప్పగిస్తుంది. ముఖ్యమైనది ఏదన్నా పలకకపోతే అక్కడే ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో కనిపెడితే, ఎవరు పలకలేదో తెలుస్తుంది.

ఈ వైద్యానికి రెండు నియమాలున్నాయి. బయటినించి లోపలికి వెళ్ళాలి. ఒకసారికి ఒక మార్పే చెయ్యాలి. రెండు మార్పులు కలిపి చేస్తే, ఏది గుణమిచ్చిందో మనకు తెలియదు.

మొదటిది: దీపం వెలగలేదు, ఫాను తిరగలేదు. అంటే కరెంటే అందటం లేదన్నమాట. అదే ప్లగ్గులో బల్లదీపం పెట్టి చూడండి. అది వెలిగితే, పెట్టె వెనక తీగ గట్టిగా ఉన్నదా, అక్కడి చిన్న స్విచ్చి వేసి ఉన్నదా చూడండి. అన్నీ సరిగా ఉంటే లోపలి పవర్ సప్లై డబ్బా చెడి ఉండవచ్చు. ఆ డబ్బాను మాత్రం ఎన్నడూ విప్పకూడదు. ప్లగ్గు తీసేసిన తరవాత కూడా అందులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

రెండోది: ఫాను తిరుగుతున్నది, తెర మాత్రం నల్లగా ఉన్నది. ముందు తెరకు వచ్చే తీగ చూడండి. అది సరిగా ఉండి, పెట్టెలోనించి "బీప్, బీప్" అని వినిపిస్తే, హాజరులో ఎవరో పలకలేదన్నమాట. ఈ కూతల అర్థం ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క రకంగా ఉంటుంది. కాని తరచుగా పట్టుబడే దొంగ మెమొరీ పలకే. దుమ్మూ తేమా చేరి దాని బంగారు రంగు అంచు మసకబారుతుంది. పెద్దవాళ్ళను దగ్గిర ఉంచుకుని, ప్లగ్గు పూర్తిగా తీసి, పెట్టె ఇనప భాగాన్ని ఒకసారి తాకి, ఆ పలకను బయటికి తియ్యాలి. తాకటం దేనికంటే, మన ఒంటి మీది స్థిర విద్యుత్తు చిప్పులను పాడు చెయ్యకుండా. పెన్సిలు రాత చెరిపే రబ్బరుతో అంచును మెల్లిగా రుద్ది, పొట్టు తుడిచి, మళ్ళీ "టక్" మనేలా నొక్కితే చాలాసార్లు లేచి కూచుంటుంది!

మూడోది తమాషా అయినది. తెర వెలుగుతుంది; కాని తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కుపోయి, "ఎఫ్-1 నొక్కు" అని అడుగుతుంది. చార్మినారు 1591లో కట్టినదే అయినా, దాని నాలుగు వేపులా గడియారాలు పెట్టినది 1889లో. కంప్యూటరుకు కూడా గడియారం తరవాతే వచ్చింది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ, లేచినప్పుడల్లా తేదీ మనల్నే అడిగేది. 1984 నాటి నమూనాలో బ్యాటరీతో నడిచే గడియారం అమర్చారు. చాలా కంప్యూటర్లలో ఇది నాణెమంత బిళ్ళ. పేరు సీఆర్ 2032. 20 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. ఇచ్చేది 3 వోల్టులు. పాత కంప్యూటర్లలో, ఏ డిస్కునించి లేవాలి అనే గుర్తును కూడా ఇదే కాపాడుతుంది. అది ఖాళీ అయితే కంప్యూటరు దారి మరిచిపోవచ్చు. బిళ్ళ మార్చి, తేదీ సరిచేసి, డిస్కు పేరు మళ్ళీ చూపించాలి.

నాలుగోది: "లేవటానికి డిస్కు లేదు" అని తెర మీద వస్తుంది. కంగారుపడకండి. ఎవరన్నా పెన్‌డ్రైవు గుచ్చి మరిచారేమో చూడండి! కంప్యూటరు దానిలో విండోస్ కోసం వెతుకుతూ ఉండవచ్చు. అదీ కాకపోతే డిస్కు తీగ వదులై ఉండవచ్చు.

కాని డిస్కునించి "టిక్, టిక్" అని చప్పుడు వస్తే వెంటనే ఆపెయ్యాలి. చాలా డిస్కుల్లో పళ్ళెం నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది. చదివే ముల్లు దాని మీద, వెంట్రుక మందంలో వెయ్యోవంతుకన్న తక్కువ ఎత్తులో తేలుతూ పోతుంది. ముల్లు తగిలితే పళ్ళెం గీరుకుపోతుంది. "మరొక్కసారి చూద్దాం" అని మీట నొక్కినకొద్దీ నష్టం పెరుగుతుంది. దాన్ని తెలిసినవాడికి చూపించాలి.

గమనించారా? నాలుగు జబ్బుల్లో మూడింటికి శుభలేఖలు క్షేమంగానే ఉన్నాయి. పెట్టె పాడైనా, డిస్కు బాగుంటే దాన్ని తీసి మరో కంప్యూటరుకు తగిలించి, నమూనాలు మరో చోటికి ఎత్తి పెట్టుకోవచ్చు. అందుకే, లేచిన పాత కంప్యూటరుతో మొదట చెయ్యవలసిన పని ముద్రణ కాదు, నకలు తియ్యటం. పెట్టె బజారులో దొరుకుతుంది. అందులోని పని దొరకదు. మీ ఇంటి ఫొటోలు ఒక్క చోటనే ఉన్నాయా, రెండు చోట్ల ఉన్నాయా? ఇవాళే అమ్మనూ నాన్ననూ అడగండి.

ఇక ఒక లెక్క. కంప్యూటరు గడియారంలో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ అంకెను సగం చేస్తూ పోండి. ఎన్నిసార్లకు 1 వస్తుంది? సరిగ్గా చేస్తే, ఆ అంకెనే ఎందుకు ఎన్నుకున్నారో మీకే తెలిసిపోతుంది.