గ్లౌజులిస్తే నేరం మాఫీ!

పట్నంలో డ్రైనేజి పొంగితే అందరికీ మేం గుర్తొస్తాం. అందులో మేం చస్తే ఎవరికీ గుర్తుండం.

పాకీ పని నిషేధమని 1993లో చట్టం చేశారు. 2013లో మరో చట్టం తెచ్చి మురుగు కాలువల్ని, సెప్టిక్ ట్యాంకుల్ని కూడా అందులో చేర్చారు. ఆ ఏడే రూల్సూ రాశారు. ఎంత సక్కగా రాశారో! దించే ముందు లోపల గ్యాసు పరీక్షించాలట. గాలి అందే మాస్కు, ఒంటికి బెల్టు ఇవ్వాలట. సూపర్‌వైజరుతో కలిపి ముగ్గురుండాలట. యజమాని ఖర్చుతో 10 లక్షల బీమా చేయించాలట.

మేం చూసింది తాడు, బకెట్టు, పార. గ్యాసు మీటరు మా ముక్కే. ఆ ముక్కునే ముందు చంపుతుంది గ్యాసు. కుళ్లిన గుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడు ఎక్కువైతే వాసన తెలియడమే ఆగిపోతుంది. కంపు పోయిందనుకునే లోపే మనిషి కూలతాడు. కాపాడబోయి దిగినవాడూ అతని పక్కనే పడతాడు.

అసలు మెలిక చట్టంలోనే ఉంది. అది మనిషిని దించొద్దనలేదు, 'ప్రమాదకరంగా' దించొద్దంది. రక్షణ సామాన్లు, జాగ్రత్తలు లేకపోతేనే ప్రమాదమట! అంటే సామాను చేతికిస్తే మలంలో మునగడం మా ఉద్యోగమా? గ్లౌజులిచ్చామని రిజిస్టర్లో వేలిముద్ర చూపిస్తే సరిపోతుందా?

రెండో మెలిక కాంట్రాక్టు. కాలువ మున్సిపాలిటీది, చచ్చినవాడు మాత్రం ఎవరి మనిషీ కాదు. కమిషనరు కాంట్రాక్టరును చూపిస్తాడు. కాంట్రాక్టరు మేస్త్రిని చూపిస్తాడు. మేస్త్రి "తాగి దిగాడు సార్" అంటాడు. కానీ 7వ సెక్షన్ ఏమంది? నేరుగా గానీ, ఇంకొకరి ద్వారా గానీ పెట్టుకోవద్దంది. 9వ సెక్షన్ మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలంది. మీకు తెలిసి ఏ కమిషనరు జైలుకెళ్లాడు?

2021లో కేంద్ర మంత్రి రాజ్యసభలో పాకీ పని వల్ల ఎవరూ చావలేదన్నారు. మురుగు చావుల్ని వేరే పద్దులో రాస్తే లెక్క సున్నానే మరి! మాదిగ, రెల్లి, మెహతర్ వాడల్లోని విధవరాళ్లు ఆ సున్నాను చూసి ఏం చేయాలి? ఉద్యోగాల్లో రిజర్వేషన్ అంటే గింజుకునేవాళ్లు గుంతల రిజర్వేషన్ మీద నోరెత్తరేం?

అన్నలారా, అక్కలారా! చావు జరిగితే శవం దగ్గరే రాజీ పడొద్దు. 2013 చట్టం కింద కేసు కట్టించండి, అట్రాసిటీ సెక్షన్లూ పెట్టమని పట్టుబట్టండి. 2014లో సుప్రీంకోర్టు 10 లక్షలన్న పరిహారాన్ని 2023 అక్టోబరులో 30 లక్షలు చేసింది. అది దయ కాదు, హక్కు.

అయినా మేం అడిగేది చావుకు ధర కాదు. గుంతలోకి మిషను దిగాలి. మనిషి దిగకూడదు, మాస్కుతో కూడా!

జై భీమ్!